లాంతర్లు వెలిగించి ప్లాట్లు అమ్మిన ఊరు

ఆదివారం పేపరు మడత విప్పితే చాలు, రంగురంగుల కాగితాలు జలజలా రాలిపడతాయి. 'కొండ పక్కన, చెరువు ఒడ్డున మీ కలల వేసవి విడిది', 'స్విమ్మింగ్ పూల్, క్లబ్ హౌస్, పిల్లల పార్కు', 'ఉచిత బస్సు, భోజన వసతి కలదు'. వ్యాపారం బాగా నడిచే రోజుల్లో ఇంతటితో సరి. మార్కెట్ పడుకుందనుకోండి, కాగితం మీద అక్షరాలు పెద్దవవుతాయి. స్పాట్ బుకింగ్‌కి గ్రాము బంగారం అంటారు. రిజిస్ట్రేషన్ ఖర్చు మాదే అంటారు. లక్కీ డ్రాలో కారు అంటారు. సినిమా నటిని పిలిచి రిబ్బను కత్తిరిస్తారు. కొనేవాళ్ళు తగ్గినకొద్దీ మేళతాళాలు పెరుగుతాయన్నమాట.

ఈ విద్య మన హైదరాబాదులోనో, విజయవాడలోనో పుట్టిందేమీ కాదు. నూట యాభై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక చిన్న దీవిలో అచ్చం ఇలాగే వేసవి విడిది ప్లాట్లు అమ్మారు. మధ్యలో మార్కెట్ కుప్పకూలింది. అప్పుడు అమ్మినవాళ్ళు పడ్డ పాట్లు, కొన్నవాళ్ళు పడ్డ పాట్లు వింటుంటే మన వెంచర్ల కథ ఎవరో ఇంగ్లీషులో చెబుతున్నట్టు అనిపించింది నాకు. అందుకే మీకూ చెబుదామని.

ఆ ఊరి పేరు ఓక్ బ్లఫ్స్. మసాచుసెట్స్ రాష్ట్రంలో మార్థాస్ వైన్‌యార్డ్ అనే దీవిలో ఉంది. మా అమ్మాయి బోస్టన్‌లో ఉద్యోగం చేస్తోంది. నేనూ మావారూ వెళ్ళింది ఆగస్టు నెలలో. "ఎప్పుడూ మాల్సూ, గుళ్ళూ ఏం చూస్తావమ్మా, ఈసారి బొమ్మల ఊరు చూపిస్తాను పద" అంది. కారులో వుడ్స్ హోల్ అనే రేవుదాకా వెళ్ళి, అక్కడ పడవెక్కాం. పడవంటే మన గోదావరి లాంచీ అనుకునేరు! కార్లనీ లారీలనీ కూడా కడుపులో పెట్టుకుపోయే ఓడ. ముప్పావుగంటలో దీవిలో దింపేసింది.

నిజంగానే బొమ్మల ఊరు. ఒక్కో ఇల్లు మన పాత ఇళ్ళలో వసారా అంత ఉంటుంది. కప్పు గుడారంలా నిటారుగా, కోసుగా లేస్తుంది. వీధివైపు రెండు రెక్కల తలుపు, దాని నెత్తిన బుల్లి బాల్కనీ. అంచులంతా చెక్కలో కోసిన లతలు, హృదయాలు, చుక్కలు. మెలికల ముగ్గుని చెక్కలో కోసి ఇంటికి అతికించారా అనిపిస్తుంది. ఒకటి గులాబీ రంగు, పక్కది లేత నీలం, ఆ పక్కది నిమ్మపండు పసుపు. ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఎంతంటే, కిటికీలోంచి చెయ్యి చాపి పక్కింటి పిన్నిగారికి కూరగిన్నె అందించేయొచ్చు. ఒకప్పుడు ఇలాంటివి 500 దాకా ఉండేవట. ఇప్పుడు 300 పైచిలుకు మిగిలాయి. విచిత్రమేమిటంటే వీటికింద నేల ఇంటివాళ్ళది కాదు. ఇల్లు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. నేల మాత్రం ఒక సంఘానిది. "అయితే అద్దెకున్నట్టే కదమ్మా" అన్నారు మావారు అమ్మాయితో. ఇళ్ళ సంగతి వచ్చేసరికి మగవాళ్ళకి ముందు పట్టా గుర్తొస్తుంది!

తిరునాళ్ళ నుంచి ఊరుదాకా

1835లో ఎడ్గార్‌టౌన్ అనే పొరుగూరి మెథడిస్టు క్రైస్తవులు కొందరు ఈ ఓక్ చెట్ల తోపులో వేసవి ప్రార్థనలు పెట్టుకున్నారు. మొదటి ఏడాది వేసింది తొమ్మిది గుడారాలు. మనవాళ్ళు తిరునాళ్ళకి బళ్ళు కట్టుకుని వెళ్ళి, చెట్లకింద మూడు రాళ్ళు పెట్టి వంట చేసుకున్నట్టే వాళ్ళూ చేసుకున్నారు. ఏటేటా జనం పెరిగారు. 1850ల చివరికొచ్చేసరికి పెద్ద ఆదివారం నాడు వేలమంది వచ్చేవారు. వచ్చినవాళ్ళు ఏటా అదే చోట గుడారం వేసుకునేవారు. తర్వాత గుడారం కింద చెక్కనేల వేశారు. చివరికి గుడారం ఆకారంలోనే చెక్క ఇల్లు కట్టేశారు. ఆ కోసుగా ఉన్న కప్పు, రెండు రెక్కల తలుపు గుడారం నుంచి వచ్చినవే.

నాకు అక్కడ నచ్చిందొకటి చెప్పనా? గుడారానికి ముందువైపు తెర తీసి ఉంచేవారు. పడక, వంట, పిల్లలు, అన్నీ దారినపోయేవాళ్ళకి కనిపించేవి. ఏడాదంతా నాలుగు గోడల మధ్య ఒంటరిగా చేసే చాకిరీ, వేసవిలో చెట్లకింద నలుగురి మధ్యకి వచ్చేది. ప్రార్థనకోసం వచ్చిన ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ రావడానికి భక్తి ఒక్కటే కారణం అంటే నేను నమ్మను.

ఇంతమంది ఇష్టంగా వచ్చే చోటు వ్యాపారస్థుల కంట పడకుండా ఉంటుందా? 1866లో ఆరుగురు కలిసి 'ఓక్ బ్లఫ్స్ లాండ్ అండ్ వార్ఫ్ కంపెనీ' పెట్టారు. ప్రార్థనల తోపుకీ సముద్రానికీ మధ్య ఖాళీగా ఉన్న నేల తీసుకున్నారు. వీళ్ళలో ముఖ్యుడు ఎరాస్టస్ కార్పెంటర్. ఫాక్స్‌బరో అనే ఊళ్ళో గడ్డి టోపీల ఫ్యాక్టరీ ఆయనది. ఆ ప్రాంతంలో గడ్డిని జడలల్లి టోపీలు కుట్టే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. అంటే వేసవి టోపీలు అమ్మిన చేతులే వేసవి ప్లాట్లు అమ్మడం మొదలెట్టాయి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వీళ్ళు గళ్ళనోటు బుక్కులా అడ్డంగా నిలువుగా గీతలు కొట్టి ప్లాట్లు వెయ్యలేదు. బోస్టన్ నుంచి రాబర్ట్ మోరిస్ కోప్‌లాండ్ అనే ఉద్యానశిల్పిని పిలిపించి ప్లాను గీయించారు. వంపులు తిరిగే వీధులు, మధ్యమధ్య పార్కులు, సముద్రానికి ఎదురుగా ఏడెకరాల ఓషన్ పార్కు. వెయ్యిదాకా ప్లాట్లు. ఒక్కొక్కటీ చిన్నదే, కానీ ఇంటిముందు పచ్చిక, దానికవతల సముద్రం. అమ్మింది ప్లాటు, చూపించింది పార్కు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

పక్కనే కొత్త ఊరు లేస్తుంటే తోపులో ప్రార్థనలవాళ్ళకి గుబులు పట్టింది. ఆటలు, పాటలు, షికార్లు తమ పిల్లల్ని చెడగొడతాయని తోపు చుట్టూ ఏడడుగుల ఎత్తు కంచె కట్టించారు. అంతటితో ఆగక, మరీ ఇబ్బందైతే ఇక్కణ్ణించి లేచిపోవచ్చని సరస్సుకి అవతల ఎత్తు నేల కొనిపెట్టుకున్నారు. దాన్ని హైలాండ్స్ అంటారు. ఆ నేల సంగతీ తర్వాత చెబుతాను.

కంపెనీ మాత్రం కంచెతో పోట్లాడలేదు. తమ ప్లాట్లలో ఏ శాఖవాళ్ళైనా ప్రార్థన చేసుకునేట్టు యూనియన్ చాపెల్ కట్టించింది. 1869 ఆగస్టులో ఒక రాత్రి కొత్త ఊరంతా రంగుకాగితం లాంతర్లు వేలాడదీసి వెలిగించింది. చీనా, జపాను కాగితం లాంతర్లు. బ్యాండు మేళం సరేసరి. కరెంటు దీపం ఎరుగని కాలంలో సముద్రపొడ్డున వేల లాంతర్లు ఒక్కసారి వెలిగితే చూడ్డానికి ఎవరు రారు? అటు తోపులోవాళ్ళూ వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకీ మర్నాడు పొద్దున ఏ ప్లాటు ఖాళీగా ఉందో తెలిసే ఉంటుంది! 1872లో రేవు పక్కనే సీ వ్యూ హౌస్ అనే పెద్ద హోటలు తెరిచారు. పడవ దిగినవాళ్ళు ముందు హోటల్లోకి, హోటల్లోంచి ప్లాట్లలోకి.

పడిపోయిన ఏడాది

కంపెనీ బాగుపడటం చూసి దీవిలో పుట్టగొడుగుల్లా కంపెనీలు లేచాయి. అక్కడో హైట్స్, ఇక్కడో హైట్స్. మన దగ్గర ప్రతి బీడుభూమికీ 'గ్రీన్ వ్యాలీ' అని పేరు పెట్టినట్టు. దీవికి దక్షిణపు కొసన కటామా అనే చోట కూడా ప్లాట్లు వేసి, హోటలు కట్టి, ఓక్ బ్లఫ్స్ నుంచి అక్కడికి రైలు వేద్దామన్నారు. చాలా ప్లాట్లు కాగితం మీదే ఉన్నాయి. అక్కడ నిజంగా ఉన్నది పొదలు, ఇసుక.

1873 సెప్టెంబరు 18న జే కుక్ అనే పెద్ద బ్యాంకరు సంస్థ చేతులెత్తేసింది. నార్తర్న్ పసిఫిక్ రైలుకోసం ఊరూరా జనంచేత బాండ్లు కొనిపించిన సంస్థ అది. రైలు పోయే దారిలో చలికి గడ్డకట్టే నేలల్ని ఎంత గొప్పగా వర్ణించారంటే, 'అది జే కుక్‌గారి అరటితోటల సీమ' అని ఆనాటి జనమే వెక్కిరించారు. ఆ సంస్థ పడగానే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ పదిరోజులు తలుపులు మూసింది. ఆ మాంద్యం 1879దాకా పీడించింది.

మాంద్యం వస్తే జనం ముందు మానేసేదేమిటి? బియ్యం మానరు, పిల్లల ఫీజు మానరు. వేసవి ఇల్లు మానేస్తారు. ఈ సంగతి మనకి వేరే చెప్పక్కర్లేదు, నెలాఖరు లెక్క రాసేది మనమే కదా. అందుకే సరుకు ధరలకంటే ముందు విడిది ప్లాట్ల ధర పడుతుంది. లేవడం అన్నిటికంటే ఆఖరున లేస్తుంది.

మరి దీవిలో ఏం చేశారు? సగం కట్టిన ఆశలన్నిటికీ ఇంకాస్త రంగు వేశారు. 1874 వేసవిలో రైలు రానే వచ్చింది. సుమారు 9 మైళ్ళ బుల్లి రైలుమార్గం. కొంత సముద్రం ఒడ్డున ఇసుకలోనే పట్టాలు. పాపం, ఇంజను దీవికి రాకముందే వుడ్స్ హోల్ రేవులో సముద్రంలో పడింది. పైకి లాగి, బాగుచేయించి తెచ్చారు. శకునం అంటే మనవాళ్ళే నమ్ముతారంటారుగానీ, కొబ్బరికాయ కొట్టకుండా బయల్దేరదీశారేమో అని నవ్వుకున్నాం నేనూ అమ్మాయీ. ఆ ఆగస్టులోనే దేశాధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్ భార్యతో సహా వచ్చాడు. తోపులో ఒక బిషప్‌గారి కాటేజీలో దిగాడు. ఆయన గౌరవార్థం దీపాలు, బాణసంచా. ఆ కాటేజీ ఇప్పటికీ ఉంది. సినిమా నటి రిబ్బను కత్తిరించడం గురించి మొదట చెప్పాను చూడండి, ఇక్కడ ఏకంగా ప్రెసిడెంటే!

అధ్యక్షుడు వచ్చినా రద్దీ వచ్చిందిగానీ ప్లాట్లకి పాత ఊపు రాలేదు. సందర్శకులు పగటిపూట పడవలో వచ్చి, లాంతర్లు చూసి, ఐస్‌క్రీము తిని వెళ్ళేవారు. వేడుక చూసేవాళ్ళు వేరు, ప్లాటు కొనేవాళ్ళు వేరు. తుపాన్లకి పట్టాలు కొట్టుకుపోయేవి, మళ్ళీ వేసేవారు. 1896తో రైలు ఆగిపోయింది. సీ వ్యూ హోటలు 1892లో కాలిపోయింది. పన్నులు మేం కడుతుంటే సొమ్ము మీరు ఖర్చుపెడుతున్నారని ఎడ్గార్‌టౌన్‌తో తగువుపడి, 1880లో ఈ ఊరు కాటేజ్ సిటీ పేరుతో విడిపోయింది. ఓక్ బ్లఫ్స్ అన్న పేరు 1907లో తిరిగి పెట్టుకున్నారు.

పార్కు ఎవరిది?

ఇప్పుడు అసలు కథ. ప్లాట్లు అమ్ముడుపోవడం తగ్గాక కంపెనీ చేతిలో విలువైనదేమైనా మిగిలిందంటే అవి పార్కులే. సముద్రానికి ఎదురుగా, ఊరి నడిబొడ్డున, చుట్టూ ఇళ్ళు లేచిన ఖాళీ జాగా. తర్వాత్తర్వాత ఆ పార్కులు తమ సొంతమనీ, అందులో కట్టడాలు లేపుతామనీ కొందరు బయల్దేరారు. దస్తావేజుల్లో పార్కు నేల ఎవరికీ రాసివ్వలేదు కదా, కంపెనీ దగ్గర కొన్నాం కాబట్టి మాదే అన్నారు.

ప్లాట్లు కొన్నవాళ్ళకి ఎలా ఉంటుంది చెప్పండి? ఆ పచ్చికని చూసే కొన్నారు. ఆ పచ్చికకోసమే ఇరుకు ప్లాటుకి డబ్బిచ్చారు. వరండాలో కుర్చీ వేసుకు కూర్చుంటే సముద్రం కనపడాలని ఇల్లు అటువైపు తిప్పి కట్టుకున్నారు. ఇప్పుడు ఎదురుగా గోడ లేస్తుందంటే!

వ్యవహారం కోర్టుకెక్కింది. జనం తరఫున రాష్ట్ర అటార్నీ జనరలే దావా వేశాడు. 1891లో మసాచుసెట్స్ సుప్రీం జుడీషియల్ కోర్టు తీర్పు చెప్పింది. ఆ వాదన మనింట్లో మామూలు మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: ప్లానులో పార్కులు గీశావు. ఆ ప్లాను చూపించి ప్లాట్లు అమ్మావు. జనం ఏళ్ళ తరబడి అందులో తిరిగారు. ఇక అది జనానిది, నీది కాదు. కట్టడానికి వీల్లేదు.

మేం ఆ పార్కులో కూర్చున్నాం. మధ్యలో బ్యాండు వాయించే మండపం ఉంది. చుట్టూ కాటేజీలు, ఎదురుగా సముద్రం, పిల్లలు గాలిపటం ఎగరేస్తున్నారు. చూస్తుంటే, ఒక కంపెనీ అమ్మకంకోసం గీయించిన బొమ్మ ఇంకా నేలమీద అలాగే ఉండటం నాకు వింతగానే తోచింది. ఉంచింది కంపెనీ కాదు మరి.

మా అక్క పార్కు

అక్కడ కూర్చున్నంతసేపూ నాకు మా పెదనాన్న కూతురే గుర్తొచ్చింది. టీచరుగా చేసి రిటైరైంది. 2012లో హైదరాబాదు పొలిమేరలకి అవతల ఒక 'వారాంతపు విడిది' వెంచరులో 267 గజాలు కొంది. అప్పట్లో హైదరాబాదులో రియల్ ఎస్టేట్ నీరసంగా ఉంది. బస్సుపెట్టి తీసుకెళ్ళారు, భోజనం పెట్టారు, వచ్చిన ఆడవాళ్ళందరికీ బొట్టుపెట్టి వెండి కుంకుమభరిణె ఇచ్చారు. అక్క ప్లాటు 'పార్కు ఫేసింగ్'. అందుకని గజానికి 300 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు.

నాలుగేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే పార్కులో హద్దురాళ్ళు! నాలుగు ప్లాట్లు చేసేశారు. అడిగితే, "అది ఫేజ్ టూలో కలిపేశాం మేడమ్" అన్నాడట ఆఫీసులో కుర్రాడు, చాలా మర్యాదగా, కూల్‌డ్రింకు ఇచ్చి మరీ.

అక్క ఏడవలేదు. టీచర్లకి కాగితాలు దాచే అలవాటు ఉంటుంది చూడండి, బ్రోచరు, లేఅవుట్ కాపీ, పార్కు ఫేసింగ్ అని రాసిన రసీదు, అన్నీ ఇనప్పెట్టెలో ఉన్నాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకెళ్ళి ఆ సర్వే నంబరుమీద ఈసీ తీయించింది. అందులో మిగతా కొన్నవాళ్ళ పేర్లన్నీ ఉంటాయి కదా! ఒక్కొక్కళ్ళనీ వెతికి పట్టుకుంది. పదిహేడుమంది తేలారు. అందులో పదకొండుమంది ఆడవాళ్ళు. భర్త పేరు మీద కాకుండా తమ పేరు మీద, కట్నం డబ్బుతోనో చీటీ పాడిన డబ్బుతోనో కొనుక్కున్నవాళ్ళు. అందరూ కలిసి సోమవారం ప్రజావాణికి కలెక్టరేట్‌కి వెళ్ళడం మొదలెట్టారు. ఎన్ని సోమవారాలో లెక్కలేదు. అక్కడ తేలిందేమిటంటే, పార్కు జాగాని పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చెయ్యనే లేదు. కాగితాల ప్రకారం అది ఇంకా యజమాని నేలే.

"గెలిచావా అక్కా?" అని అడిగాను.

"సగం గెలిచానే. రెండు ప్లాట్లు అప్పటికే అమ్మేశాడు, ఇళ్ళు లేచాయి. మిగతా రెండూ వదిలాడు. పార్కు కాదు మాది, పార్కులో సగం" అంది. ఇప్పుడక్కడ వీళ్ళే వేపమొక్కలు వేశారు. ఆ కంపెనీ పేరుతో బోర్డు ఎక్కడా లేదు. మరో పేరుతో మరో చోట ఉండొచ్చు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. 2016లో రెరా చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన నేలలోగానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లు ఉన్నప్పుడుగానీ రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. ప్రకటనలో ఆ నంబరు వెయ్యాలి. అచ్చైన ప్రకటన నమ్మి డబ్బిచ్చాక అందులో చెప్పింది అబద్ధమని తేలి నష్టపోతే, పరిహారం అడగొచ్చు, లేదా వడ్డీతో సహా సొమ్ము వెనక్కి అడగొచ్చు. అంటే బ్రోచరు పకోడీలు చుట్టే కాగితం కాదు, దాచుకోవలసిన కాగితం. ఆమోదం పొందిన లేఅవుట్‌లో ఉమ్మడి జాగాలు మార్చాలంటే కొన్నవాళ్ళలో మూడింట రెండొంతులమంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు కూడా. 'ఈరోజే సగం కట్టేస్తే ఆఫరు' అన్నారంటే, అక్కడే ఆగి మంచినీళ్ళు తాగండి.

గిఫ్ట్ డీడ్ సంగతి మాత్రం నోరు తెరిచి అడగండి. రోడ్లు, పార్కు జాగా పంచాయతీకో మున్సిపాలిటీకో రిజిస్టరు చేసి ఇచ్చారా, కాపీ చూపించండి అని. ఎల్‌పీ నంబరు అడుగుతారు, తూర్పు ఫేసింగా అని అడుగుతారు, వాస్తు చూపిస్తారు, ఈ ఒక్కటీ ఎవరూ అడగరు. ఇక గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు ఉన్నాయి చూడండి, వాటిలో చాలావాటికి ఆమోదించిన లేఅవుట్ అంటూ ఉండదు. బ్రోచరులో గీసిన రిసార్టూ, చెరువూ, పార్కూ ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఉండవు. మార్కెట్ పడుకున్నప్పుడు ఇవి ఎక్కువగా ఇంటిముందుకొస్తాయి, ధర తక్కువగా కనిపిస్తుంది కాబట్టి. తక్కువ ధరకి వచ్చిన నేల అంతా మోసమనడం లేదు నేను. కంపెనీ నీరసించిన రోజున ఆ వెంచరులో ఏది అమ్ముకోవడానికి దానికి వీలుందో ముందే చూసుకోమంటున్నాను.

మళ్ళీ ఓక్ బ్లఫ్స్‌కి వస్తే, లాంతర్ల రాత్రి ఇప్పటికీ ఏటా ఆగస్టులో జరుగుతుంది. కంపెనీ ఎప్పుడో పోయింది, ప్రచారంకోసం పెట్టిన వేడుకని మాత్రం కంచె కట్టుకున్న ఆ తోపువాళ్ళే తమదిగా చేసుకున్నారు. 1879లో కట్టిన ఇనుప ప్రార్థనామందిరంలో ముందు అందరూ కలిసి పాటలు పాడతారు. తర్వాత దీపాలన్నీ ఆర్పేస్తారు. ఒక్క లాంతరు వెలుగుతుంది. దాని తర్వాత ఇంటింటా లాంతర్లు. మేం ఒక పెద్దావిడ వరండా దగ్గర నిలబడ్డాం. మన బొమ్మలకొలువు పెట్టెలాగే ఆవిడకీ ఒక లాంతర్ల పెట్టె ఉంది. కొన్ని అమ్మమ్మగారివట. చిరిగినచోట పల్చటి కాగితం అతికించి దాచుకుంటోంది. లోపల ఇప్పుడు చిన్న బల్బులు. "కొవ్వొత్తులైతే మా అమ్మకి రాత్రంతా నీళ్ళ బకెట్టు పక్కన కాపలా" అని నవ్వింది.

హైలాండ్స్ నేల గురించి చెబుతానన్నాను కదా. ప్రార్థనలవాళ్ళు ముందుజాగ్రత్తకి కొన్న ఆ ఎత్తు నేలకి వాళ్ళు తరలిపోనేలేదు. 1903లో అక్కడ చార్లెస్, హెన్రియెట్టా షియరర్ అనే నల్లజాతి దంపతులు ఇల్లు కొనుక్కున్నారు. చార్లెస్ వర్జీనియాలో బానిసగా పుట్టినవాడు. చదువుకుని, బోస్టన్ హోటళ్ళలో హెడ్ వెయిటరుగా పనిచేశాడు. హెన్రియెట్టా ఆ ఇంటి పక్కన లాండ్రీ పెట్టింది. వేసవి విడిదికి వచ్చిన ఇళ్ళనుంచి బట్టలు గుర్రబ్బండిలో వచ్చేవి. తెల్ల లేసు గౌన్లు, కుచ్చుల జాకెట్లు ఉతికి, ఇస్త్రీచేసి పంపేది. విహారానికి వచ్చినవాళ్ళ మైలబట్టలతో ఒక ఆడమనిషి నిలదొక్కుకుంది.

నల్లజాతివాళ్ళకి ఆ రోజుల్లో హోటళ్ళలో గది ఇచ్చేవారు కాదు. 1912లో హెన్రియెట్టా, చార్లెస్ తమ ఇంటినే పెంచి అతిథులకి గదులివ్వడం మొదలెట్టారు. వీళ్ళకి బ్యాండు మేళాలు పెట్టే స్తోమతా లేదు, అధ్యక్షుణ్ణి పిలిచే పలుకుబడీ లేదు. ఒకరి నోట విని ఇంకొకరు వచ్చారు. వచ్చినవాళ్ళలో కొందరు ఆ చుట్టుపక్కలే ఇళ్ళు కొనుక్కున్నారు. అలా నల్లజాతి కుటుంబాలకి దేశంలోకెల్లా పేరున్న వేసవి విడుదుల్లో ఒకటిగా ఓక్ బ్లఫ్స్ నిలిచింది. నవలా రచయిత్రి డొరొతీ వెస్ట్ ఆ ఊళ్ళోనే ఉండి రాసింది, 1998లో పోయింది.

హెన్రియెట్టా 1917లో చనిపోయింది. లాండ్రీ ఆగినా, గదులు ఆగలేదు. కూతుళ్ళు నడిపారు, వాళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలు. మా అమ్మాయి కారు ఆపి చూపించింది, చెట్ల మధ్య మామూలు చెక్క ఇల్లు. వరండాలో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని బీన్స్ ఒలుచుకుంటున్నారు.